మూడో మనిషి దొరికితేనే పందెం

వయసు ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూసే మనుషులు ఉంటారంటే నమ్మబుద్ధి కాదు. కండక్టరమ్మ మాత్రం తన అరవయ్యో ఏట నుంచీ చేస్తున్న పని అదే.

పెద్దవాళ్ళ పరుగు పందేల్లో అయిదేళ్ళకొక మెట్టు. అరవై నుంచి అరవై నాలుగు దాకా ఒక గుంపు, అరవై అయిదు నుంచి అరవై తొమ్మిది దాకా ఇంకొకటి, ఆ పైన డెబ్బై. ఎవరి మెట్టు మీద వాళ్ళే పోటీ పడాలి. కొత్తగా మెట్టెక్కినవాళ్ళు ఆ గుంపులో అందరికంటే చిన్నవాళ్ళవుతారు కాబట్టి వాళ్ళకు పుట్టినరోజంటే సంబరం. కండక్టరమ్మకు ఆ సంబరం ఏనాడూ దక్కలేదు. కారణం నర్సమ్మ. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, వెదురుబొంగులా పొడుగ్గా ఉంటుంది, కండక్టరమ్మ కంటే రెండేళ్ళు పెద్ద. ఆవిడ పై మెట్టుకు వెళ్ళిపోయిన రెండేళ్ళూ కింద కండక్టరమ్మదే రాజ్యం. ఆ తర్వాత తనూ పైకెక్కేసరికి అక్కడ నర్సమ్మ సిద్ధంగా ఉండేది. ఇక మూడేళ్ళు మళ్ళీ రెండో స్థానమే.

ఇద్దరూ పదేళ్ళ పాటు పక్కపక్కనే పరిగెత్తారు. పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు.

కండక్టరమ్మ ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు ఇచ్చింది. ఉద్యోగం మానేసిన మర్నాటి నుంచి కాళ్ళు ఊరుకోలేదు. మొదట నడక, తర్వాత పరుగు. ఆమె భర్త అదే డిపోలో మెకానిక్. "నువ్వు పరిగెత్తు, నీ వాటా నిద్ర కూడా నేనే పోతాను" అని దుప్పటి ముసుగేసుకునేవాడు. బూట్లు కొనిపెట్టింది మాత్రం ఆయనే.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన అక్క. కండక్టరమ్మకు వదిన. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముణ్ణి వదిలి ఎప్పుడూ ఉండలేదు. సినిమాహాల్లో బాల్కనీ టికెట్ల కిటికీ వెనక కూర్చుని జీవితమంతా గడిపింది కాబట్టి వీధి వీధంతా ఆవిణ్ణి బాల్కనీ అక్క అనేది. "మా ఇంట్లో ఇద్దరూ టికెట్లు చింపినవాళ్ళే. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి. నాకు మాత్రం ఎక్కడా ఉచితంగా సీటు దొరకలేదు" అని మెకానిక్ నవ్వేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున కండక్టరమ్మ ఏటిగట్టు మీద పరిగెత్తి చెమటతో ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలో తడి లేదు.

"వాడు పోయాడు. నువ్వు పరుగులో ఉన్నావు" అంది.

అంతే. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆ మాట మళ్ళీ అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది. కండక్టరమ్మ ఏడాది పాటు బూట్ల జోలికి పోలేదు. ఒక తెల్లవారుజామున ఇక ఆగలేక వేసుకుని వెళ్ళింది. తిరిగొచ్చి వాకిట్లో విప్పింది. కాసేపటికి చూస్తే అవి మెట్ల మీద బోర్లా పడి ఉన్నాయి. వదిన కాలితో నెట్టేసింది. ఆనాటి నుంచీ బూట్లు విప్పడం, అవి మెట్ల మీద తేలడం రోజూ జరిగేదే. రెండు గదులు, ఒక వంటిల్లు. ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండుకునేవాళ్ళు. ఉప్పు అందుకోమనడానికి తప్ప నోరు విప్పేవాళ్ళు కాదు.

కండక్టరమ్మకు డెబ్బై నిండిన ఏడు దేశం మొత్తానికి కలిపి పెద్ద పోటీ వచ్చింది. అది నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. ఆమె రాజ్యమేలిన ఏళ్ళలో అది ఒక్కసారీ పడలేదు. డెబ్బై దాటిన ఆడవాళ్ళ గుంపు నుంచి ఈసారి మొదటి ఇద్దరిని పంపుతారట. అంటే నర్సమ్మ వెనక వచ్చినా చాలు. ఆ మాట విన్ననాడు కండక్టరమ్మ టీ కాస్తూ తనలో తనే నవ్వుకుంది.

ఆ సంతోషం వారం నిలవలేదు. మూడో పోటీదారు పూలకొట్టు పెద్దమ్మ. ఆవిడ మెట్టు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పోటీల కార్యదర్శి ఫోన్ చేసి చావు కబురు చల్లగా చెప్పాడు. "ఒక గుంపంటే కనీసం ముగ్గురు పరుగు పూర్తి చెయ్యాలండి. అయిదు కిలోమీటర్లు, గంట లోపల. ముగ్గురు లేకపోతే మీ ఇద్దరినీ అరవై అయిదువాళ్ళలో కలిపేస్తాం. నియమం అది. నేనేం చెయ్యను?"

అరవై అయిదు గుంపులో లేళ్ళలాంటివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళతో కలిపితే ఇద్దరికీ దారి మూసుకుపోయినట్టే.

ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా నర్సమ్మ. ఆవిడ ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

"మీకూ ఫోన్ వచ్చే ఉంటుంది" అంది, కూర్చోకుండానే. "మూడో మనిషి కావాలి. పరిగెత్తక్కర్లేదు, గట్టిగా నడిచినా గంటలో అయిపోతుంది. మీ ఎరుకలో డెబ్బై దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా వీధిలో డెబ్బై దాటినవాళ్ళు మంచం దిగితేనే గొప్ప."

నర్సమ్మ చూపు వంటింటి వైపు తిరిగింది. అక్కడ కత్తిపీట ముందు కూర్చుని వదిన కూరగాయలు తరుగుతోంది.

"ఆవిడెవరు?"

"మా వదిన." కండక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ సంగతి వదిలెయ్యండి."

"వయసెంత?"

"డెబ్బై మూడు" అని వంటింట్లోంచే జవాబొచ్చింది. "చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయి. నేనొస్తాను."

కండక్టరమ్మ గబుక్కున వంటింటి వైపు తిరిగింది. "వద్దు వదినా, మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు నా దగ్గరే ఉన్నాయి, నిన్ను మొయ్యమనలేదు."

నర్సమ్మ ఆ ఇద్దరి మధ్యా ఏముందో తెలియని మనిషి. సంతోషంగా కుర్చీ లాక్కుని వదిన చెయ్యి పట్టుకుని నాడి చూసింది. మర్నాడు యంత్రం తెచ్చి రక్తపోటు చూసింది, మోకాళ్ళు మడిచి చూసింది, తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి గుండె పరీక్ష చేయించింది. "నడవొచ్చు. తొందరపడకుండా నడవొచ్చు" అన్నారు అందరూ.

డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. కండక్టరమ్మ ధైర్యం చేసింది.

"ఎందుకొస్తానన్నారు వదినా?"

వదిన చెప్పులు విప్పుతూ తలెత్తలేదు. "రోజూ తెల్లారకుండానే మా తమ్ముణ్ణి మంచం మీద వదిలేసి ఎగబడి పోయేదానివి. అక్కడ అంత గొప్పదేముందో నా కళ్ళతో చూడాలి. అంతే."

కండక్టరమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ మూడు వారాలు ఆమెకు పరుగు మీద ధ్యాసే లేదు. వదిన పొద్దున్నే వీధిలో ఒంటరిగా నడిచేది. పక్కన రానిచ్చేది కాదు. కండక్టరమ్మ అవతలి కాలిబాట మీద ఇరవై గజాల వెనక నడిచేది. వదిన వెనక్కి తిరక్కుండానే, "బస్సు తప్పిపోయిన ప్రయాణికురాల్లా ఆ వెంటపడ్డమేంటి?" అని అరిచేది. వీధి కుళాయి దగ్గర జనం నవ్వేవాళ్ళు. సాయంత్రానికి వదిన కుడి మోకాలు వాచేది. కండక్టరమ్మ వేణ్ణీళ్ళ సంచి ఆవిడ గది గుమ్మం ముందు పెట్టి వచ్చేది. పొద్దునకి అది ఖాళీ అయి వంటింట్లో ఉండేది.

పందెం ఇంకా నాలుగు రోజులుందనగా వదిన మెట్లెక్కుతూ సగంలో ఆగి గోడ పట్టుకుంది. పైనుంచి చూసిన కండక్టరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంక చాలు. నేను కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పేస్తాను. నాకీ పోటీ వద్దు. మీకేమైనా అయితే..."

"అయితే ఏముంది?" వదిన రొప్పుతూనే ఆమె కళ్ళలోకి చూసింది. "అప్పుడూ నువ్వు పరుగులోనే ఉంటావు."

పుండు మీద కారం చల్లినట్టు, చల్లి చేతులు దులుపుకున్నట్టు, ఆవిడ మిగతా మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. కండక్టరమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఆ మాటకు భయపడి పారిపోయినట్టు, చెయ్యకపోతే ఆ మాటే నిజం చేసినట్టు. ఎటూ పాలుపోలేదు.

పందెం పొద్దున ఆకాశం మబ్బుగా ఉంది. దారి ఏటిగట్టు మీద. సగం దూరం వెళ్ళి, అక్కడ నిలబెట్టిన పీపా చుట్టూ తిరిగి, అదే దారిన వెనక్కి రావాలి. డెబ్బై దాటినవాళ్ళ ఛాతీ మీద పసుపు రంగు గుడ్డ ముక్క. పసుపు ముక్కలు మూడే ఉన్నాయి. వదిన తన ముక్కను రెండుసార్లు విప్పి తిన్నగా పెట్టుకుంది.

కార్యదర్శి బరిలో ఉన్నవాళ్ళందరికీ నియమాలు మళ్ళీ చదివాడు. "పోటీలో లేనివాళ్ళుగానీ, పూర్తి చేసినవాళ్ళుగానీ దారిలో ఎవరికీ చెయ్యి అందించకూడదు. పక్కన నడవకూడదు. నడిస్తే ఆ సాయం అందుకున్న మనిషి లెక్కలోంచి పోతుంది."

ఈల మోగింది.

మొదటి కిలోమీటరులో కండక్టరమ్మ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నర్సమ్మ పక్కనుంచి, "ముందుకి చూడండి. మెడ పట్టేస్తుంది" అంది. నిజమే. చూసినా గుంపులో వదిన కనిపించడం లేదు. ఆమె పళ్ళు బిగించి అడుగు పెంచింది. వింత ఏమిటంటే ఆ రోజు కాళ్ళు గాలిలో తేలుతున్నట్టున్నాయి. భయంతో పరిగెత్తే జంతువుకు ఉండే బలం అది. పీపా చుట్టూ తిరిగేసరికి పదేళ్ళలో మొదటిసారి నర్సమ్మ ఆమె వెనక ఉంది.

తిరుగు దారిలో ఎదురొచ్చేవాళ్ళు కనిపిస్తారు. ఆమె ఒక్కొక్క మొహం వెతుక్కుంటూ పరిగెత్తింది. కర్ర సాయంతో నడిచే ఒక ముసలాయన, కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ వెనక ఎవరూ లేరు. ఇంకొంచెం ముందుకి వెళ్ళాక గట్టు కమ్మీ పక్కన పసుపు ముక్క కనిపించింది. వదిన ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, నడుం దగ్గర రెండుగా వంగిపోయి ఉంది. తల కిందికి వేలాడుతోంది.

కండక్టరమ్మ ఆగిపోయింది.

"వదినా! వదినా, ఏమైంది? గుండెల్లో నొప్పా? ఊపిరి ఆడుతోందా?"

పక్కనుంచి నర్సమ్మ పరిగెత్తుకుంటూ దాటిపోయింది, తల తిప్పి ఒక్క చూపు చూసి.

వదిన మెల్లగా తలెత్తింది. మొహం కందగడ్డలా ఉంది. "లేసు ఊడింది" అంది. "ఈ దిక్కుమాలిన బూటుకి ఎన్ని ముళ్ళు వెయ్యాలి? నువ్వెందుకు ఆగావు?"

"మీరు... నేను..."

"పో!"

"నిజం చెప్పండి, నొప్పేం లేదుగా?"

"నువ్వు ఎదురుగా నిలబడితే వస్తుంది. పో అన్నానా!"

కండక్టరమ్మ ఆ మొహంలోకి ఇంకో క్షణం చూసింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. కళ్ళలో కోపం నిండుగా ఉంది. ఆ కోపాన్ని నమ్మి పరిగెత్తింది. నర్సమ్మ అప్పటికే చాలా దూరం పోయింది. కండక్టరమ్మ చివరి మలుపు దగ్గర పాత గిడ్డంగి దాటేసరికి ఆవిడ వీపుకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరకొచ్చింది గానీ, గీత దాటింది మాత్రం రెండో మనిషిగానే.

గీత దగ్గర చెక్క బల్ల మీద పెద్ద గడియారం. కండక్టరమ్మ మోకాళ్ళ మీద చేతులానించి దాన్నే చూస్తూ నిలబడింది. కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళిద్దరూ వచ్చారు. కర్ర ముసలాయన వచ్చాడు. చప్పట్లు కొట్టిన జనం మెల్లగా చెదిరిపోతున్నారు. కార్యదర్శి గడియారం వైపు, దారి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. గిడ్డంగి మలుపు అవతల ఏం జరుగుతోందో ఇక్కడివాళ్ళకు కనిపించదు.

"ఇంకా టైముంది" అంది నర్సమ్మ, నీళ్ళ సీసా అందిస్తూ. కండక్టరమ్మ అందుకోలేదు.

అప్పుడు మలుపు తిరిగి తెల్లటి అంబులెన్సు వచ్చింది. పీపా దగ్గర ఆగి ఉండి, అది ఆఖరి మనిషి వెనకే రావాలి. దాని ముందు మనిషి లేదు. ఖాళీ దారి మీద బండి ఒక్కటే నత్తలా పాకుతూ వస్తోంది.

కండక్టరమ్మ గీత దాటి అటు పరిగెత్తబోయింది. నర్సమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వెళ్ళకు! నువ్వు దగ్గరికి వెళితే ఆవిణ్ణి తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీ! బండిలో ఉందేమో! నాకీ పందెం వద్దు, వదులు!"

"బండిలో ఉంటే దీపం తిప్పుకుంటూ వేగంగా వస్తుంది. నా ఉద్యోగమంతా అవే చూశాను. మెల్లగా వస్తోంది, చూడు. ఒక్క నిమిషం ఆగు."

ఆ నిమిషం ఆగడం కండక్టరమ్మ జీవితంలో చేసిన అన్ని పనులకంటే కష్టమైంది.

అంబులెన్సు కాస్త పక్కకి ఒరిగింది. దాని అవతలి పక్కన, ఏళ్ళ తరబడి టికెట్ల కిటికీ లోంచి జనాన్ని దబాయించిన గొంతుతో వదిన నడుస్తూ నడుస్తూ డ్రైవరును దులిపేస్తోంది. "ఎక్కమంటావేంటయ్యా మాటిమాటికీ? నీకు గిరాకీ లేకపోతే ఇంకెక్కడైనా చూసుకో! నా ఎండకి అడ్డం తప్పుకో!" మబ్బు పట్టిన పొద్దున ఎండెక్కడిదో ఆవిడకే తెలియాలి.

జనం గొల్లుమన్నారు. కండక్టరమ్మ నవ్వలేదు. ఆవిడ కుడి కాలు ఈడుస్తోంది. ప్రతి అడుగుకీ భుజం ఒక పక్కకి పడిపోతోంది. గడియారం ముల్లు మీదా, ఆ కాలి మీదా చూపు పరుగులు తీసింది. వెళ్ళి ఆ చెయ్యి భుజాన వేసుకుంటే నాలుగడుగుల పని. కండక్టరమ్మ గీత మీద బొటనవేళ్ళు ఆనించి నిలబడి, తనకు తెలిసిన ఒక్కగానొక్క కేక పెట్టింది.

"రైట్! రైట్! పోనీ, పోనీ! రైట్!"

వదిన తలెత్తి, "నేనేమన్నా బస్సునా?" అంది. కానీ అడుగు వేగం పెరిగింది. గంట పూర్తయిందని కార్యదర్శి ఈల నోట్లో పెట్టుకునే వేళకు ఆవిడ ఎడమ కాలు గీతకు ఇవతల పడింది. కుడి కాలు తర్వాత, తాపీగా వచ్చింది.

కండక్టరమ్మ అప్పుడు పట్టుకుంది. నాలుగేళ్ళలో ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి.

నర్సమ్మ నాడి చూసి, రక్తపోటు చూసి, "గుర్రం" అని సర్టిఫికెట్టు ఇచ్చి, కార్యదర్శితో లెక్క సరిచూసుకోడానికి వెళ్ళింది. వదిన కాలిబాట అంచున కాళ్ళు చాపుకుని కూర్చుంది. కండక్టరమ్మ ఆవిడ బూట్లు విప్పి మోకాలు నొక్కుతోంది.

"అక్కడ నన్ను చూసి ఆగినప్పుడు నీ మొహం చూశాను" అంది వదిన. "ఆ రోజు నా మొహం అలాగే ఉండుంటుంది."

కండక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నేను ఇంట్లోనే ఉన్నాగా. పిలిచాడు. వెళ్ళాను. చెయ్యి పట్టుకున్నాను. ఏం చెయ్యగలిగాను? ఏమీ లేదు. నువ్వుంటే ఏదో చేసేదానివని అనుకుంటూ వచ్చాను. నిన్ను తిట్టుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది."

కండక్టరమ్మ అడగాలని, అడగలేక, ఇన్నేళ్ళు మింగిన మాట అప్పుడు బయటికొచ్చింది. "బాధపడ్డాడా వదినా?"

"లేదు. నువ్వొచ్చావా అని అడిగాడు. వస్తోందిరా అన్నాను. సరే అని కళ్ళు మూసుకున్నాడు." వదిన ముక్కు చీదుకుంది. "ఆ మాట నీకు చెప్పాల్సింది. చెప్పాలనిపించలేదు. వాడి ఆఖరి మాట కూడా నీ గురించే అయింది కదా అని, నా దగ్గరే దాచుకున్నాను."

కండక్టరమ్మ ఆవిడ మోకాలి మీద తల ఆనించి, చుట్టూ జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది. వదిన, "వాచిన మోకాలు అది. ఎడం దాని మీద పెట్టుకో" అంది.

పతకాలిచ్చేటప్పుడు నర్సమ్మకు మొదటిది, కండక్టరమ్మకు రెండోది, వదినకు మూడోది ఇచ్చారు. "ముగ్గురు పరిగెత్తితే మూడోది రావడం ఏం గొప్ప?" అని ఎవరో కుర్రాడు అనబోతే, "ముగ్గురూ రాకపోతే ఇద్దరికీ లేదు నాయనా" అని వదిన వాడి నోరు మూయించింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ పరుగు మాట ఎత్తలేదు. "చూశాను. గాలి తప్ప అక్కడేమీ లేదు. నీకు కావాలంటే పో" అంది.

రెండు నెలల తర్వాత కండక్టరమ్మ, నర్సమ్మ ఒకే రైల్లో, ఎదురెదురు సీట్లలో కూర్చుని పెద్ద పోటీకి వెళ్ళారు. దారి పొడుగునా నర్సమ్మ గురక పెట్టింది. అక్కడ దేశం నలుమూలల నుంచీ వచ్చిన డెబ్బైలవాళ్ళు ఎముకా నరమూ తప్ప ఒంట్లో ఏమీ లేనట్టున్నారు. నర్సమ్మకు అయిదో స్థానం వచ్చింది. కండక్టరమ్మకు ఎనిమిదోది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"ఎంతమంది పరిగెత్తారు?" అంది వదిన.

"పదిమంది."

"అయితే నీ వెనక ఇద్దరున్నారు. పరవాలేదు." అవతల గిన్నె దించిన చప్పుడు వినిపించింది. "ఎప్పుడొస్తావు? ఇక్కడ నేను తిట్టడానికి ఒక్క మనిషి లేదు."

"రేపు మధ్యాహ్నం బండికి, వదినా."

"సరే, త్వరగా రా."